గేమింగ్ కంప్యూటర్‌కు సరిపోయే పవర్ సప్లైని ఎంచుకోవడం ఎలా?

గేమింగ్ కంప్యూటర్ కట్టించుకునేవారు ప్రాసెసర్ గురించీ గ్రాఫిక్స్ కార్డు గురించీ వారాల తరబడి చదివి, బడ్జెట్టంతా వాటికే కేటాయించి, చివర మిగిలిన డబ్బులో ఏ పవర్ సప్లై వస్తే అది తీసుకోవడం మామూలే. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో రాయించుకున్నా, మీ ఊళ్ళోని దుకాణంలో రాయించుకున్నా, కొటేషన్ కాగితాన్ని ఒకసారి గమనించండి. ప్రాసెసర్‌కూ కార్డుకూ పూర్తి మోడల్ పేర్లు ఉంటాయి. పవర్ సప్లై దగ్గరికి వచ్చేసరికి చాలాసార్లు ‘650 వాట్ ఎస్‌ఎంపీఎస్’ అన్న ఒక్క ముక్కే ఉంటుంది (పవర్ సప్లైకే దుకాణాల్లో వాడే పేరు అది). ఆ వరుసలో కంపెనీ, సిరీస్, మోడల్ నంబరు రాయించుకోనిదే అడ్వాన్సు ఇవ్వకండి. 650 వాట్లని పేరు పెట్టుకున్న రెండు డబ్బాల్లో ఒకటి ఎండాకాలం మధ్యాహ్నం కూడా ఆ 650 వాట్లను గంటల తరబడి ఇవ్వగలదు. మరొకటి దానిలో సగం భారానికే చేతులెత్తేయవచ్చు. అందువల్ల వాట్ల సంఖ్య ఎంత అన్న ప్రశ్నతో పాటు, ఆ వాట్లు ఏ లైనులో, ఎంత వేడిలో, ఎలాంటి కరెంటు మీద వస్తాయన్న ప్రశ్నకు కూడా జవాబు తెలుసుకుని కొనాలి.

లేబుల్ మీద చూడవలసినది

పవర్ సప్లై గోడలోంచి వచ్చే 230 వోల్టుల ఏసీని తీసుకుని 12, 5, 3.3 వోల్టుల డీసీగా మార్చి ఇస్తుంది. ఇప్పటి యంత్రాల్లో ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు, ఫ్యాన్లు, అంటే ఎక్కువ కరెంటు లాగే భాగాలన్నీ, 12 వోల్టుల లైను మీదే ఆధారపడతాయి. మిగతా రెండు లైన్ల మీద పడే భారం స్వల్పం. కనుక డబ్బా పక్కన అంటించిన స్టిక్కరులో 12 వోల్టుల గడి కింద ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చూసి, దానిని 12తో హెచ్చించండి. మంచి 650 వాట్ల పవర్ సప్లైలో అక్కడ 54 ఆంపియర్లు కనిపిస్తుంది. అంటే 648 వాట్లు, దాదాపు మొత్తం సామర్థ్యం ఆ ఒక్క లైనులోనే అందుతుందన్నమాట. అదే క్యాబినెట్‌తో పాటు ఉచితంగా వచ్చే చవక ఎస్‌ఎంపీఎస్ మీద పెద్ద అక్షరాలతో 450 అని ఉండి, 12 వోల్టుల గడిలో 16 ఆంపియర్లే ఉంటే, గేమింగ్‌కు పనికొచ్చేది 192 వాట్లు మాత్రమే. మిగిలిన సంఖ్యను 5, 3.3 వోల్టుల లైన్లను కలిపి పెంచి చూపించారన్నమాట. 12 వోల్టుల గడులు రెండు ఉన్నప్పుడు ఆ రెండింటి ఆంపియర్లను మీరే కూడుకోవద్దు. రెండూ కలిసి గరిష్ఠంగా ఎన్ని వాట్లో కింద విడిగా రాసి ఉంటుంది, దానినే లెక్కలోకి తీసుకోవాలి. ఆ సంఖ్యే లేని స్టిక్కరు ఉన్న డబ్బాను దుకాణంలోనే వదిలి రావడం మేలు.

ఎన్ని వాట్లు కావాలి?

లెక్క గ్రాఫిక్స్ కార్డుతో మొదలుపెట్టాలి. ఎన్విడియా ప్రకటించిన ప్రకారం ఆర్‌టీఎక్స్ 5060 కార్డు 145 వాట్లు, 5070 కార్డు 250 వాట్లు, 5080 కార్డు 360 వాట్లు, 5090 కార్డు ఏకంగా 575 వాట్లు తీసుకుంటాయి. ఏఎండీ రేడియన్ ఆర్‌ఎక్స్ 9070 ఎక్స్‌టీకి ఆ అంకె 304 వాట్లు. ఇవి మూల డిజైన్‌కు చెందిన అంకెలు. ఫ్యాక్టరీలోనే వేగం పెంచి అమ్మే మోడళ్ళు ఇంకొంత ఎక్కువ తీసుకుంటాయి కాబట్టి, మీరు కొనబోయే కార్డు తయారీదారు సొంత పేజీలో ఉన్న అంకెనే వాడండి.

తరువాత ప్రాసెసర్. ఇక్కడ చాలామంది పెట్టె మీద కనిపించే 65 వాట్లనో 120 వాట్లనో చూసి మోసపోతారు. మదర్‌బోర్డు మీద ఏఎం5 అనే సాకెట్‌లో అమరే ఏఎండీ ప్రాసెసర్లలో ఆ సాకెట్ ద్వారా తీసుకోగల గరిష్ఠ విద్యుత్తు, ఆ ప్రకటిత అంకెకు దాదాపు 1.35 రెట్లు ఉంటుంది. 65 వాట్ల రైజెన్ 5 7600 గరిష్ఠంగా 88 వాట్లు, 120 వాట్ల రైజెన్ 7 9800ఎక్స్3డీ గరిష్ఠంగా 162 వాట్లు తీసుకోగలవు. ఇంటెల్ వారు ‘మ్యాగ్జిమమ్ టర్బో పవర్’ పేరుతో ఇంకొక అంకె ఇస్తారు. కోర్ ఐ5-13400ఎఫ్‌కు అది 148 వాట్లు, ఐ9-14900కే‌కు 253 వాట్లు. గేమ్ ఆడుతున్నప్పుడు ప్రాసెసర్ సాధారణంగా ఇంతవరకు వెళ్ళదు గాని, లెక్కకు మాత్రం గరిష్ఠాన్నే తీసుకోవాలి. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీలు, ఫ్యాన్లు, కీబోర్డు, మౌస్ అన్నిటికీ కలిపి 60 నుంచి 80 వాట్లు వేసుకుంటే చాలు.

రైజెన్ 5 7600తో ఆర్‌టీఎక్స్ 5070 పెట్టే యంత్రాన్నే తీసుకుందాం. కార్డుకు 250, ప్రాసెసర్‌కు 88, మిగతావాటికి 60. మొత్తం 398 వాట్లు. దీని మీద సగం వరకు అదనం కలిపితే 600 దాకా వస్తుంది కనుక, మార్కెట్లో దొరికే 650 వాట్ల పవర్ సప్లై సరిపోతుంది. ఆ కార్డుకు ఎన్విడియా సూచించినదీ అదే. 9800ఎక్స్3డీతో 5080 పెడితే 360, 162, 70 కలిసి 592 అవుతాయి. దానికి 850 వాట్లు చక్కగా సరిపోతాయి. 14900కే‌తో 5090 పెట్టే సాహసవంతులకు మాత్రం మొత్తం దాదాపు 900 వాట్లు అవుతుంది. కార్డు కంపెనీ 1000 వాట్లు చాలన్నా, ఆ జంటకు 1200 వాట్లే నయమని నా అభిప్రాయం.

కార్డు కంపెనీలు సూచించే వాట్లు చాలామందికి ఎక్కువనిపిస్తాయి. కొనుగోలుదారు పెట్టుకునే పవర్ సప్లై నాణ్యత ఎలాంటిదో వారికి తెలియదు కాబట్టి ముందుజాగ్రత్తగా కొంత కలిపే చెబుతారు. నాణ్యమైన డబ్బా తీసుకుంటే ఆ సూచన మీద మళ్ళీ ఇంకొక 200 వాట్లు కలుపుకోనవసరం లేదు. అలాగని, ఎక్కువ వాట్ల పవర్ సప్లై పెడితే కరెంటు బిల్లు పెరుగుతుందన్న భయం కూడా నిజం కాదు. కంప్యూటర్ ఎంత అడిగితే అది అంతే ఇస్తుంది. నష్టం వేరే చోట ఉంది. బ్రౌజర్ తెరిచి ఊరికే ఉంచిన కంప్యూటర్ తీసుకునే 60 వాట్లు 1200 వాట్ల డబ్బాకు 5 శాతం భారమే, అంత తక్కువ భారం వద్ద చాలా పవర్ సప్లైలు గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎక్కువ వంతును వృథా చేస్తాయి. పైగా అక్కరలేని వాట్లకు పోసిన డబ్బుతో అంతకంటే మంచి 750 వాట్ల మోడల్ వచ్చి ఉండేది.

రెప్పపాటు కంటే చిన్న ఉప్పెనలు

సగటు లెక్క సరిగ్గా ఉన్నా కంప్యూటర్ ఆటమధ్యలో టక్కున ఆరిపోయే సందర్భాలు ఉంటాయి. 2020లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 3080, 3090 కార్డులతో ఈ సంగతి చాలామందికి అనుభవంలోకి వచ్చింది. గ్రాఫిక్స్ కార్డు సగటున 320 వాట్లు తీసుకుంటున్నా, సెకనులో అతి చిన్న భాగం పాటు దానికి దాదాపు రెట్టింపు లాగవచ్చు. ఆ క్షణిక ఉప్పెనను పవర్ సప్లైలోని రక్షణ వ్యవస్థ ప్రమాదమని భావించి సరఫరా ఆపేస్తుంది. ఇందుకోసమే 2022లో ఇంటెల్, పవర్ సప్లైలు ఎలా ఉండాలో చెప్పే ఏటీఎక్స్ 3.0 ప్రమాణాన్ని తెచ్చింది. గ్రాఫిక్స్ కార్డుకు విద్యుత్తు అందించే కొత్త 12 పిన్నుల కనెక్టరుతో వచ్చే పవర్ సప్లై తన సామర్థ్యానికి రెండింతల భారాన్ని 100 మైక్రోసెకన్ల పాటు ఆరిపోకుండా తట్టుకోవాలని అది నిర్దేశించింది. ఆ మరుసటి ఏడాది ఏటీఎక్స్ 3.1 వచ్చింది. ఈరోజు కొత్తగా కొనేవారు ఈ రెండింటిలో ఏదో ఒకదానికి అనుగుణంగా ఉన్నదే అడగాలి, వీలైతే 3.1నే ఎంచుకోవాలి.

3.1ను ఎంచుకోమనడానికి కారణం ఆ 12 పిన్నుల కనెక్టరే. 2022 చివర ఆర్‌టీఎక్స్ 4090 కార్డుల్లో కనెక్టర్లు కరిగిన ఉదంతాలు వచ్చిన తరువాత, కొత్త రూపంలో, ఆ 12 పిన్నులకు తోడుగా సంకేతాలు పంపే నాలుగు చిన్న పిన్నుల పొడవు తగ్గించారు. ప్లగ్గు పూర్తిగా లోపలికి దిగకపోతే కార్డు పూర్తి విద్యుత్తు తీసుకోకుండా ఉండడానికి ఈ ఏర్పాటు. దానితో బాధ్యత తీరిపోలేదు. ఆ కనెక్టరు గరిష్ఠంగా 600 వాట్లు మోయాలి. 12 వోల్టుల వద్ద అది 50 ఆంపియర్లు, ఆరు జతల తీగల మీద పంచితే ఒక్కొక్క పిన్నుకు 8 ఆంపియర్లకు పైగానే వస్తుంది. పాత 8 పిన్నుల పీసీఐఈ కనెక్టరు 150 వాట్లే మోస్తుంది కనుక అక్కడ ఒక్కొక్క పిన్ను మీద పడేది 4 ఆంపియర్ల చిల్లర మాత్రమే. కొత్తదానిలో వెసులుబాటు ఎంత తక్కువో దీనిని బట్టి తెలుస్తుంది. కాబట్టి ప్లగ్గును చివరిదాకా నొక్కి, కార్డు అంచుకూ ప్లగ్గుకూ మధ్య సందు లేదని టార్చి వెలుగులో చూసుకోవాలి. తీగను ప్లగ్గు మొదట్లోనే వంచకుండా మూడు నాలుగు సెంటీమీటర్లు నిటారుగా పోనివ్వాలి. క్యాబినెట్ అద్దం తీగను నెట్టేంత ఇరుకుగా ఉంటే క్యాబినెట్‌ను మార్చవలసిందే. 8 పిన్నుల కార్డులకైతే ఒక్కొక్క కనెక్టరుకూ పవర్ సప్లై నుంచి విడి తీగ వేయాలి. ఒకే తీగకు రెండు తలలు ఉన్నది చూడటానికి పొందికగా ఉంటుంది గాని, పెద్ద కార్డుకు వాడటం మంచిది కాదు.

బ్రాంజ్, గోల్డ్ ముద్రలు చెప్పేది, చెప్పనిది

పవర్ సప్లైల మీద బ్రాంజ్, గోల్డ్ అని కనిపించే 80 ప్లస్ ముద్ర సామర్థ్యాన్ని, అంటే గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో ఎంత శాతం కంప్యూటర్‌కు చేరుతుందన్నదాన్ని, మాత్రమే చెబుతుంది. 115 వోల్టుల పరీక్షలో సగం భారం వద్ద బ్రాంజ్‌కు 85 శాతం, గోల్డ్‌కు 90 శాతం, ప్లాటినమ్‌కు 92 శాతం ఉండాలి; మన 230 వోల్టుల మీద సాధారణంగా ఇంకొంచెం మెరుగ్గానే వస్తుంది. ఈ తేడా బిల్లులో ఎంతో చూద్దాం. 400 వాట్ల భారంతో రోజుకు నాలుగు గంటలు ఆడేవారికి బ్రాంజ్ అయితే గోడ నుంచి సుమారు 470 వాట్లు, గోల్డ్ అయితే 444 వాట్లు ఖర్చవుతాయి. ఏడాదికి తేడా 38 యూనిట్లు. యూనిట్ 8 రూపాయలనుకుంటే దాదాపు 300 రూపాయలు. కేవలం బిల్లు కోసమే గోల్డ్ కొనడంలో అర్థం లేదన్నమాట. అయినా నేను గోల్డ్‌నే సిఫారసు చేస్తాను. ఆ సామర్థ్యాన్ని సాధించడానికి మెరుగైన సర్క్యూటు, మెరుగైన భాగాలు వాడక తప్పదు కనుక ఆ తరగతిలో నాసిరకం తక్కువ. ఏడు నుంచి పదేళ్ళ వారంటీ కూడా ఎక్కువగా ఆ తరగతిలోనే దొరుకుతుంది.

ముద్ర చెప్పని విషయాలు మాత్రం చాలానే ఉన్నాయి. 12 వోల్టుల లైను భారం మారినప్పుడు ఎంత స్థిరంగా ఉంటుందో, దానిలోని అలజడి ఏటీఎక్స్ ప్రమాణం అనుమతించే 120 మిల్లీవోల్టుల లోపు ఎంత తక్కువగా ఉంటుందో, షార్ట్ సర్క్యూట్, అధిక భారం, అధిక ఉష్ణోగ్రతల నుంచి రక్షణలు నిజంగా పనిచేస్తాయో లేదో అది చెప్పదు. వీటి కోసం భారం పెట్టి కొలిచే యంత్రాలతో చేసిన సమీక్షలను చదవాలి. పవర్ సప్లైలను పరీక్షించే సైబెనెటిక్స్ సంస్థ సామర్థ్యంతో పాటు శబ్దానికి కూడా విడిగా శ్రేణులు ఇస్తుంది, వారి నివేదికలు మోడల్ వారీగా చూడవచ్చు. పెట్టె విప్పి బల్బు వెలిగించి చూపించే వీడియోలను సమీక్షలుగా లెక్కించకండి. కంపెనీ పేరును బట్టి కూడా నిర్ణయించకండి. డబ్బా మీద పేరు ఎవరిదైనా లోపలి యంత్రాన్ని చాలాసార్లు సీసోనిక్, సీడబ్ల్యూటీ, సూపర్ ఫ్లవర్, ఎఫ్ఎస్‌పీ వంటి తయారీదారులే చేసిస్తారు. ఒకే కంపెనీ ఒక సిరీస్‌ను ఒకరి చేత, మరొక సిరీస్‌ను ఇంకొకరి చేత చేయిస్తుంది కనుక, పేరున్న కంపెనీలోనూ చవక సిరీస్ చవకగానే ఉంటుంది.

మన ఇళ్ళలో కరెంటు, మన ఎండలు

విదేశీ సమీక్షల్లో పెద్దగా కనిపించని భాగం ఇది. 80 ప్లస్ పరీక్ష 23 డిగ్రీల గదిలో జరుగుతుంది. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో రామగుండంలోనో విజయవాడలోనో ఏసీ లేని గదిలో ఉన్న కంప్యూటర్‌కు, బయటి గాలే 40 డిగ్రీలు దాటి ఉంటుంది, గ్రాఫిక్స్ కార్డు వదిలే వేడి దానికి అదనం. అందువల్ల పూర్తి సామర్థ్యాన్ని ఏ ఉష్ణోగ్రత వరకు ఇస్తుందో తయారీదారు పేజీలో వెతకండి. 50 డిగ్రీల వరకు అని ఉంటే ఉత్తమం, 40 అని ఉంటే ఫరవాలేదు, 25 అని ఉన్నా, ఏమీ రాయకపోయినా వదిలేయండి. లోపలి కెపాసిటర్లు 105 డిగ్రీల రకమా, 85 డిగ్రీల రకమా అన్నదీ చూడాలి. ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్ ఆయుష్షు ప్రతి 10 డిగ్రీల వేడికీ సుమారు సగానికి తగ్గుతుంది. తక్కువ భారం వద్ద ఫ్యాన్ ఆగిపోయే సదుపాయానికి వెనుక స్విచ్చు ఉన్న మోడల్ తీసుకుంటే, వేసవి నెలల్లో దానిని ఆపి ఫ్యాన్ ఎప్పుడూ తిరిగేలా పెట్టుకోవచ్చు. అడుగున అమర్చే పవర్ సప్లై నేల దగ్గరి దుమ్మునంతా పీలుస్తుంది, క్యాబినెట్ కింద తీసి కడగగలిగే ఫిల్టరు ఉండేలా చూసుకోవాలి.

వోల్టేజి హెచ్చుతగ్గులకు భయపడి కంప్యూటర్‌కు స్టెబిలైజర్ పెట్టే అలవాటు ఇంకా ఉంది. లేబుల్ మీద ఇన్‌పుట్ 100-240 వోల్టులని ఉన్న పవర్ సప్లైకి దాని అవసరం లేదు. లో వోల్టేజిలో 160కి పడిపోయినా అది పనిచేస్తూనే ఉంటుంది. పైగా స్టెబిలైజర్‌లోని రిలే మారే క్షణంలో వచ్చే ఖాళీయే రీస్టార్టుకు కారణం కావచ్చు. 200-240 అని మాత్రమే ఉన్న మోడళ్ళను, సాయంత్రమయ్యేసరికి ఫ్యాన్లు నెమ్మదించే ఊళ్ళలో ఉన్నవారు కొనకూడదు.

యూపీఎస్ విషయంలో లెక్క మళ్ళీ చేయాలి. మామూలుగా దొరికే 600 వీఏ యూపీఎస్ ఇచ్చేది 360 వాట్లే. మనం పైన లెక్కకట్టిన 5070 యంత్రం గోడ నుంచి 440 వాట్ల దాకా, మానిటర్ మరో 40 వాట్ల దాకా తీసుకోగలవు కనుక, ఆట నడుస్తుండగా కరెంటు పోతే ఆ యూపీఎస్ కీచుమని అరిచి ఆరిపోతుంది. దానికి 1100 వీఏ, అంటే 660 వాట్ల తరగతి కావాలి. కరెంటు పోయి యూపీఎస్ అందుకునేలోపు కొన్ని మిల్లీసెకన్ల ఖాళీ వస్తుంది. ఆ ఖాళీని పవర్ సప్లైలోని పెద్ద కెపాసిటర్‌లో నిలువ ఉన్న విద్యుత్తే నడిపిస్తుంది. పూర్తి భారం మీద మంచి డబ్బా 12 నుంచి 17 మిల్లీసెకన్లు నిలబడుతుంది. భారం తక్కువైతే ఇంకా ఎక్కువసేపు నిలుస్తుంది. కరెంటు తరచూ పోయే చోట వాట్లలో కొంత అదనం ఉంచుకోమనడానికి ఇదొక బలమైన కారణం. చవక తయారీదారులు ధర తగ్గించడానికి ముందుగా చిన్నది చేసేది కూడా ఆ పెద్ద కెపాసిటర్‌నే. ఇంటి ఇన్వర్టర్ మీదే కంప్యూటర్ నడిపేవారు సైన్ వేవ్ రకాన్ని తీసుకుని, దానికి యూపీఎస్ మోడ్ ఉంటే దానిలో పెట్టాలి. మామూలు మోడ్‌లో మారడానికి పట్టే సమయం ఫ్యాన్లకూ లైట్లకూ చాలు గాని కంప్యూటర్‌కు చాలదు.

ఎర్తింగ్ గురించి ఒక మాట. క్యాబినెట్ ఇనుప భాగాన్ని ముట్టుకుంటే చేతికి జివ్వుమని తగులుతోందంటే, చాలామంది పవర్ సప్లై చెడిపోయిందని మారుస్తారు. పవర్ సప్లై ముఖద్వారంలో విద్యుత్ అలజడిని వడకట్టే చిన్న కెపాసిటర్లు క్యాబినెట్‌కు కలిపి ఉంటాయి, వాటి గుండా వచ్చే స్వల్ప విద్యుత్తు ఎర్త్ తీగలోకి పోవాలి. సాకెట్‌లో పైన ఉన్న పెద్ద రంధ్రానికి వెనుక తీగే లేకపోతే అది మీ చేతిలోకి వస్తుంది. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిచేయించడమే దీనికి మందు, కొత్త పవర్ సప్లై కాదు.

కొనేటప్పుడు, మార్చేటప్పుడు

క్యాబినెట్‌లో పట్టే కొలత చూసుకోవడం పెద్ద పని కాదు. ఏటీఎక్స్ డబ్బాల వెడల్పు, ఎత్తు ఒకటే, పొడవు మాత్రం సాధారణంగా 140 నుంచి 180 మిల్లీమీటర్ల వరకు మారుతుంది. చిన్న క్యాబినెట్లకు ఎస్ఎఫ్ఎక్స్ అనే చిన్న కొలత రకం కావాలి. వారంటీ భారతదేశంలో చెల్లుతుందో లేదో, బిల్లు మీద సీరియల్ నంబరు వేశారో లేదో చూడండి. సెకండ్ హ్యాండ్‌లో గ్రాఫిక్స్ కార్డు కొనవచ్చు గాని పవర్ సప్లై కొనవద్దు; ఎన్నాళ్ళు ఏ వేడిలో నడిచిందో బయటి నుంచి తెలుసుకునే దారి లేదు.

ఇప్పుడున్న పవర్ సప్లై చాలడం లేదేమో అన్న అనుమానం ఉంటే కొత్తది కొనేముందు ఒక చిన్న పరీక్ష చేయవచ్చు. లోపాన్ని తెలిపే విండోస్ నీలి తెర కూడా రాకుండా, ఆట బరువైన దృశ్యంలో ఉన్నప్పుడే యంత్రం ఒక్కసారిగా ఆరిపోతోందా అని గమనించండి. గ్రాఫిక్స్ కార్డును సర్దుబాటు చేసే ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే సాఫ్ట్‌వేర్‌లో కార్డు పవర్ లిమిట్‌ను 70 శాతానికి తగ్గించి అదే ఆటను ఆడండి. ఆరిపోవడం ఆగితే అనుమానం పవర్ సప్లై మీదికే మళ్ళుతుంది, ముందుగా కార్డు ఉష్ణోగ్రత మామూలుగానే ఉందని మాత్రం నిర్ధారించుకోవాలి. సాఫ్ట్‌వేర్ చూపించే 12 వోల్టుల అంకెను పూర్తిగా నమ్మకండి. మల్టీమీటర్‌తో కొలిస్తే 11.4 నుంచి 12.6 వోల్టుల మధ్య ఉండాలి.

మాడ్యులర్ పవర్ సప్లైని, అంటే తీగలను డబ్బా నుంచి ఊడదీయగలిగే రకాన్ని, మార్చేటప్పుడు పాత తీగలు క్యాబినెట్ వెనుక చక్కగా కట్టి ఉన్నాయి కదా అని వాటినే కొత్త డబ్బాకు తగిలించకండి. తీగకు కంప్యూటర్ వైపున్న చివర మాత్రమే ప్రమాణం ప్రకారం ఉంటుంది. పవర్ సప్లై వైపున్న చివరలో ఏ పిన్నులో ఏ వోల్టేజి ఉండాలన్నది ప్రతి కంపెనీ తన ఇష్టప్రకారం పెట్టుకుంటుంది, ఒకే కంపెనీ రెండు సిరీస్‌ల మధ్య కూడా మారవచ్చు. ప్లగ్గు చక్కగా దిగుతుంది, స్విచ్చు వేయగానే 5 వోల్టులు వెళ్ళవలసిన చోటికి 12 వోల్టులు వెళ్ళి హార్డ్ డిస్కులు, ఎస్ఎస్‌డీలు కాలిపోతాయి. పాత తీగలన్నిటినీ ఊడదీసి, పాత డబ్బాతో పాటే ఒక సంచిలో కట్టి పెట్టి, కొత్తదానితో వచ్చిన తీగలనే మొదటి నుంచి చివరిదాకా వేయండి.